పెరట్లో బిళ్ళగన్నేరా, మిరపా?

పెరట్లో కాస్త చోటుంటే ఏది నాటాలని తల్లులు మమ్మల్ని అడుగుతుంటారు. రెండింటికీ ఎండ కావాలి, మొదలు దగ్గర నీరు నిలవకూడదు.

బిళ్ళగన్నేరు తక్కువ నీటితోనే ఏడాదంతా పూస్తుంది. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు ఈ మొక్క నుండే వచ్చింది. అలాగని షుగరు తగ్గుతుందని ఆకులు నమలకండి. మొక్కంతా విషమే. ఆకుల్ని నమ్మి మాత్రలు మానేసినవారిని మేము చూశాము.

మిరప కూరకు పనికొస్తుంది. పచ్చిమిరపలో విటమిన్ సి ఎక్కువ. కోసిన చేతులతో కళ్ళు నలపకండి. కారం ఉత్త నీళ్ళకు పోదు, సబ్బుతో కడగాలి.

పసిపిల్లలున్న ఇంట్లో మేమైతే మిరపే నాటమంటాము, అదీ పిల్లలకు అందకుండా. బిళ్ళగన్నేరు ఎవరైనా తింటే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.