బ్లాకులు లేవు.. మరి గుండె ఎందుకు డీలా పడింది?

‘స్టెంట్ వెయ్యాలా అండీ?’ ఐసీయూ బయట మా అత్తయ్య అడిగిన మొదటి ప్రశ్న ఇదే. మావయ్య గుండె పంపింగ్ 30 శాతానికి పడిపోయిందని అప్పుడే చెప్పారు. మామూలుగా అది 55కి అటూ ఇటూ, అంతకు పైనా ఉంటుంది. ‘స్టెంట్ కాదమ్మా. ఇది బ్లాకుల వల్ల వచ్చింది కాదు, ఇన్ఫెక్షన్ వల్ల గుండె నీరసించింది’ అన్నారు డాక్టర్. నాకైతే ఏమీ అర్థం కాలేదు. పుండు పడింది అరికాల్లో. గుండెకేం సంబంధం?

పొలంలో ముల్లు గుచ్చుకుంది. షుగర్ ఉన్న మనిషి కదా, నొప్పి పెద్దగా తెలియలేదు. కాలు వాచి జ్వరం వస్తే మెడికల్ షాపు మాత్రలతో మూడు రోజులు నెట్టుకొచ్చాడు. మూత్రం తగ్గిందని అత్తయ్య అంది కూడా. నాలుగో రోజు వణుకు, ఎగశ్వాస, తడబడే మాటలు. అప్పుడు కదిలాం. ఆ మాత్రలు తెచ్చిచ్చింది నేనే. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు, నేనే తలుచుకుంటుంటా.

ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని చదివిందీ, డాక్టర్‌ని విసిగించి తెలుసుకున్నదీ ఇది.

సెప్సిస్ అంటే సూక్ష్మజీవులు చేసే హాని ఒక్కటే కాదు. వాటి మీదకు లేచిన మన రోగనిరోధక వ్యవస్థే అదుపు తప్పి సొంత అవయవాలను దెబ్బతీస్తుంది. ఒక్క 2017లోనే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 4.89 కోట్ల మందికి ఇది వచ్చిందనీ, 1.1 కోట్ల మంది చనిపోయారనీ అంచనా.

ఇక గుండె సంగతి. రోజుకి సుమారు లక్ష సార్లు కొట్టుకుంటుంది. అందుకు కావాల్సిన శక్తి ఏటీపీ అనే అణువు నుంచి వస్తుంది. విచిత్రం ఏంటంటే, కణంలో దాని నిల్వ కొన్ని సెకన్లకే సరిపోతుంది. కాబట్టి ఎప్పటికప్పుడు తయారవుతూనే ఉండాలి. ఆ పని చేసే మైటోకాండ్రియాలే గుండె కండర కణంలో దాదాపు మూడోవంతు చోటు ఆక్రమిస్తాయి. వాటికి ముఖ్యమైన ఇంధనం కొవ్వు ఆమ్లాలు. తర్వాతే గ్లూకోజ్, లాక్టేట్ వగైరా.

సెప్సిస్‌లో టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ లాంటి రసాయనాలు ఒంట్లో పొంగుతాయి. కొవ్వును వాడుకునేలా చేసే జన్యువుల పని మందగిస్తుంది. ఖర్చవ్వాల్సిన కొవ్వు కణాల్లోనే చిన్న చిన్న బొట్లుగా పేరుకుపోతుంది. మరోపక్క నైట్రిక్ ఆక్సైడ్ అతిగా తయారై, మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ని వాడుకునే చివరి ఎంజైమ్‌కి అడ్డుపడుతుంది. ఛార్జర్ పెట్టాం, కరెంటూ ఉంది, ఫోన్ మాత్రం ఎక్కట్లేదు. పాడైంది పోర్టు. సెప్టిక్ షాక్ రోగుల్లో గుండె కండరానికి వెళ్లే రక్తం తగ్గట్లేదని 1980ల్లోనే కొలిచి చూశారు. అత్తయ్య అడిగిన స్టెంట్ ఇక్కడ ఏం చేస్తుంది?

నాకు కాస్త ఊపిరి పోసింది 1984 నాటి ఒక అమెరికన్ అధ్యయనం. 20 మంది సెప్టిక్ షాక్ రోగులను పరిశీలిస్తే, పంపింగ్ బాగా పడిపోయి కూడా బతికి బయటపడ్డవాళ్లకి 7 నుంచి 10 రోజుల్లో మళ్లీ మామూలైంది. అంటే కణాలు చాలావరకు చావలేదు. చేతిలో ఉన్న కాస్త శక్తితో ప్రాణం నిలుపుకోవడానికి అవే పని తగ్గించుకుంటాయని, అంటే లో పవర్ మోడ్‌లోకి వెళ్తాయని కొందరు శాస్త్రవేత్తల ఊహ.

అయితే పోర్టును నేరుగా బాగుచేసే మందు లేదు. యాంటీబయాటిక్స్, సెలైన్, బీపీ నిలబెట్టే మందు, చీము పట్టిన పుండును శుభ్రం చేయడం. ఇవన్నీ వేళకి మొదలవ్వాలి, గుండె తేరుకునేదాకా మనిషిని నిలబెట్టాలి. ‘ఇంకో పూట ఆగితే చెప్పలేకపోయేవాళ్లం’ అన్నారు డాక్టర్.

పదకొండో రోజు ఎకోలో పంపింగ్ 50 వచ్చింది. అత్తయ్య ఆ కాగితం నా చేతికిచ్చి రెండుసార్లు చదివించుకుంది.

మావయ్య ఇప్పుడు బూట్లు లేకుండా పొలంలో దిగడు. రోజూ రాత్రి అరికాళ్లు ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపుతాడు. రెండు కాళ్లూ, వేళ్ల సందులతో సహా.