అల్పవ్యయమున కోడెదూడ పెంపకము

నారాయణవలస, అలమండ సంతలలో దుక్కిటెద్దుల వెల విని నిట్టూర్చు చిన్నరైతునకు ఇంటిదూడయే దిక్కు. అయితే మన యిండ్లలో పెయ్యదూడకు దక్కు పాలు కోడెదూడకు దక్కవు. తొలినాళ్ల చిక్కిన దూడకు పిదప ఎంత తెలకపిండి పెట్టినను పోయిన యెదుగుదల పూర్తిగా రాదు. కావున పాలలో పొదుపు చేయరాదు.

ఈనిన రెండు గంటలలోపల జున్నుపాలు త్రాగింపవలెను. జున్ను మనకును ప్రీతియే. తొలివంతు మాత్రము దూడది. మొదటి నెలలో దూడ బరువులో పదియవ వంతు, అనగా 20 కిలోల దూడకు దినమునకు 2 లీటర్ల పాలు కావలెను. నట్టలమందు పశువైద్యుని అడిగి పోయవలెను.

పొదుపునకు చోటు మేతలో గలదు. వరికోతకు ముందు తడిమళ్లలో చల్లిన జనుము, పిల్లిపెసర ఆ తేమతోనే పెరిగి పచ్చిమేత నిచ్చును. వట్టి వరిగడ్డి కడుపు నింపునే గాని కండ పట్టింపదు. 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీట కరిగించి, 100 కిలోల గడ్డిపై పొరపొరకు చల్లి త్రొక్కి, గాలి చొరకుండ 21 దినములు కప్పి యుంచినచో ఆ గడ్డియే బలమైన మేత యగును. దీనిని ఆరునెలలు నిండిన దూడకే, కొంతసేపు ఆరబెట్టి, కొద్దికొద్దిగా అలవాటు చేయవలెను. యూరియా కలిపిన బాల్చీని మాత్రము పశువుల కందనీయరాదు; ఆ నీరు త్రాగిన పశువు గంటలలోనే చావవచ్చును.