పేరు తెలియని నొప్పికి రోజూ బిళ్ల వద్దు

తిరువూరు చుట్టుపక్కల మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్లేవాళ్లకు కీళ్ల నొప్పులు కొత్త కాదు. ఆర్‌ఎంపీ దగ్గర ఓ సూది, మందుల షాపులో నాలుగు బిళ్లలు, మర్నాడు మళ్లీ పని. చిక్కు ఎక్కడంటే, నొప్పి ఏ జబ్బుదైనా ఆ బిళ్ల కాసేపు అణిచేస్తుంది. అందుకే అసలు జబ్బు బయటపడదు. మందు మొదలుపెట్టకముందే జబ్బేమిటో తేల్చుకోవడం ఎక్కడైనా అవసరమే, ఎ.కొండూరును పక్కనే పెట్టుకున్న తిరువూరుకు మరీ అవసరం.

ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో ఈ ప్రాంతానికి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో లాగే ఇక్కడా ఫలానాదే కారణమని ఒక్కదాన్నీ తేల్చలేదు. బోరు నీళ్ల మీద అనుమానంతో కృష్ణా నీళ్లు తెచ్చే పథకం చేపట్టారు. నొప్పి బిళ్లలే ఈ జబ్బు తెచ్చాయని నేననడం లేదు. కానీ డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ లాంటివి కిడ్నీకి రక్తం తీసుకెళ్లే నాళాలు కుంచించుకుపోయేలా చేస్తాయి. ఒంట్లో నీరు సరిపడా ఉన్న ఆరోగ్యవంతుడు రెండు రోజులు వేసుకుంటే సాధారణంగా ప్రమాదముండదు. ఎండలో చెమటోడుస్తూ, సరిగా నీళ్లు కూడా తాగకుండా పనిచేసే మనిషి నెలల తరబడి మింగితే సంగతి వేరు. కిడ్నీ సగానికి పైగా దెబ్బతిన్నా నొప్పి ఉండదు, క్రియాటినిన్ పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. కిడ్నీ బలహీనపడిందని తెలియకుండానే రోజూ బిళ్ల వేసుకుంటున్నవాళ్లను తలుచుకుంటే భయమేస్తుంది.

కీళ్ల నొప్పులన్నీ ఒకటి కావు. అరుగుదల నొప్పి పనితో పెరిగి, విశ్రాంతితో నెమ్మదిస్తుంది. పొద్దున్నే పట్టేసినా అరగంటలోపే సర్దుకుంటుంది. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, అలా కాదు. నిద్ర లేవగానే పిడికిలి బిగియదు, తడిబట్ట పిండలేరు, జాకెట్టు హుక్కు పెట్టుకోలేరు. ఆ బిగుతు గంట దాటినా వదలదు. రెండు చేతుల వేళ్ల మొదళ్లూ, మణికట్లూ వాస్తాయి. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే గౌట్‌ను అనుమానించాలి. చికున్‌గున్యా 2006లో రాష్ట్రాన్ని చుట్టేసినప్పుడు, జ్వరం తగ్గాక కూడా ఎందరికో నెలల తరబడి కీళ్లు పీకాయి. 1937 నాటికే అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాల్లో బయటపడిన ఫ్లోరోసిస్‌లోనూ కీళ్లు బిగుసుకుపోతాయి. అది నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వస్తుంది కాబట్టి ముందు మార్చాల్సింది తాగే నీళ్లను. ఇక రక్తపరీక్ష ఒక్కటే తీర్పు కాదు. రుమటాయిడ్ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినా కీళ్లవాతం ఉండొచ్చు, ఏ జబ్బూ లేని కొందరికి పాజిటివ్ కూడా రావచ్చు. నొప్పి ఎప్పుడు మొదలైంది, పొద్దున ఎలా ఉంటుంది, ఏ కీళ్లు వాచాయి అని ఓపికగా అడిగే డాక్టరే ముఖ్యం.

కూలి మానుకుని దాదాపు 70 కిలోమీటర్ల దూరంలోని విజయవాడకు ఎవరు తిరుగుతారని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే మొదటి అడుగు అంత దూరంలో లేదు. వాపును సూచించే ఈఎస్ఆర్, క్రియాటినిన్ ఖరీదైన పరీక్షలు కావు, స్థానిక ప్రభుత్వ ఆసుపత్రిలో ఎంబీబీఎస్ డాక్టరు చూసి అవసరమైతేనే పైకి పంపుతారు. కీళ్లవాతానికి ముందుగా ఇచ్చే మెథోట్రెక్సేట్ పాత మందు, చవకైనదే. కాకపోతే డాక్టరు పర్యవేక్షణలో, వారానికి ఒక్కసారే వేసుకోవాలి, గర్భిణులు వాడకూడదు. తొలి నెలల్లోనే వైద్యం అందితే వేళ్లు వంకర పోకుండా ఆపొచ్చు. ఆలస్యమైతే పోయేది ఒక్కరోజు కూలి కాదు, కూలి చేసే చెయ్యి. వయసు మీద పడితే ఇవన్నీ మామూలేనన్న మాటా పూర్తిగా నిజం కాదు. కీళ్లవాతం ముప్పై, నలభై ఏళ్ల ఆడవాళ్లకూ వస్తుంది. అరిగిన మోకాలికి కూడా తొడ కండరాల వ్యాయామం, బరువు తగ్గడం మేలు చేస్తాయి. పేరులేని పొడులు మూడు రోజుల్లో నొప్పిని మాయం చేశాయంటే వాటిలో స్టెరాయిడ్ కలిసిందేమోనని అనుమానించండి. కానీ చాలాకాలంగా వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టరుకు చెప్పి ఆపండి.

కీళ్ల వాపు ఆరు వారాలు దాటినా, పొద్దుటి బిగుతు గంట దాటినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. ఇన్నాళ్లూ వాడిన బిళ్లల అట్టలన్నీ వెంట తీసుకెళ్లండి, క్రియాటినిన్ పరీక్ష చేయమని మీరే అడగండి.