అయిపోని ఆట: పిల్లల ఫోన్లలోని వీడియో గేముల గురించి

"మా బాబు ఫోన్ వదలడం లేదు డాక్టరుగారూ, ఏదైనా మందు రాయండి" అని అడిగే తల్లిదండ్రులు మా ఓపీకి తరచుగా వస్తున్నారు. మందు మాట అటుంచి, ముందు ఆ ఆటల సంగతి తెలుసుకోవాలి. దానిని మాకు విడమరచి చెప్పినది స్టేషన్ ఘన్‌పూర్‌లోనే పెరిగి, మెడ నొప్పితో మా వద్దకు వచ్చిన ఒక యువకుడు. చిన్ననాటి నుండి వీడియో గేములు ఆడుతున్నవాడే. కాని ఇప్పటి ఆటలంటే అతనికి ఏ మాత్రం నమ్మకం లేదు. "ఇవి ఆటలు కావు సార్, దుకాణాలు" అన్నాడు. మాట కటువుగా ఉన్నా అందులో నిజం ఉంది.

నాటి ఆట, నేటి ఆట

టీవీకి తగిలించి ఆడే ఆటకు ఒక్కసారి కేసెట్ కొంటే సరిపోయేది. 1985లో జపానులో విడుదలైన సూపర్ మారియో బ్రదర్స్‌లో చివరి కోట దాటితే ఆట ముగిసినట్లే. వీడియో గేమ్ షాపుల్లో గంటల లెక్కన డబ్బులు తీసుకునేవారు, నిజమే. కాని రాత్రికి షట్టరు దించేవారు, పిల్లవాడు ఇంటికి చేరేవాడు. చేతిలోని ఫోనుకు షట్టరు లేదు.

2006లో ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి తొడిగే కవచాన్ని రెండున్నర డాలర్లకు విడిగా అమ్మితే ఆటగాళ్లు ఎగతాళి చేశారు. నేడు అదే పెద్ద వ్యాపారమైంది. బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి ఆటలను ఫోనులోకి ఉచితంగానే ఎక్కించుకోవచ్చు. కంపెనీకి డబ్బు వచ్చేది లోపల అమ్మే దుస్తులు, తుపాకీ రంగుల వంటి వాటి వలన. పిల్లవాడు ఆట మానివేస్తే కొనేవాడే ఉండడు. అందుకే అతనిని మానకుండా చూసుకునే విధంగా ఆటను తయారు చేస్తారు.

కట్టి ఉంచే నాలుగు పద్ధతులు

1. రోజువారీ బహుమతి: ప్రతి రోజూ ఆట తెరిస్తే చిన్న కానుక ఇస్తారు. ఒక రోజు మానితే ఏదో పోగొట్టుకున్నట్లు అనిపిస్తుంది.

2. సీజన్ పాస్: డబ్బు కట్టి పాస్ తీసుకున్నాక, గడువులోగా ఆడితేనే వస్తువులన్నీ దక్కుతాయి. కట్టిన డబ్బు వృథా కాకూడదని ఇంకా ఎక్కువ ఆడతారు.

3. మారు డబ్బు: రూపాయలు పెట్టి యూసీలు, డైమండ్లు కొనాలి. వస్తువుల ధరలు వాటిలోనే ఉంటాయి. ఎన్ని రూపాయలు ఖర్చయ్యాయో పిల్లలకు తెలియదు.

4. క్రేట్: ఇది మూసి ఉన్న పెట్టె. తెరిచేదాకా లోపల ఏమున్నదో తెలియదు. ఎప్పుడు గింజ పడుతుందో తెలియనప్పుడు పావురాలు మీటను విడువకుండా పొడుస్తాయని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ఏనాడో గమనించారు. లాటరీ టికెట్టు పనిచేసేది కూడా ఇలాగే. 2018లో బెల్జియం దేశం డబ్బుకు అమ్మే ఇటువంటి పెట్టెలు జూదమేనని తేల్చింది.

కనుక ఆట ఆపలేని పిల్లవాడిని కేవలం మొండివాడని అనుకోవద్దు. అతని ఎదుట ఉన్నది ఆపనివ్వకుండా తయారైన వస్తువు.

నిషేధంతో తీరిందా?

2020 సెప్టెంబరు 2న మన ప్రభుత్వం పబ్జీ మొబైల్‌ను నిషేధించింది. దేశ భద్రత, సమాచార రక్షణ దృష్ట్యా తీసుకున్న చర్య అది. 2021 జూలైలో అదే ఆట బీజీఎంఐ అనే పేరుతో వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్‌ను నిషేధించినా ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మిగిలింది. డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. అయితే దుస్తులు, రంగులు కొనిపించే ఆటలు వేరు. వాటిని ఇంట్లోనే కనిపెట్టుకోవాలి.

జబ్బు అని ఎప్పుడు అంటారు?

ఆడుకోవడం జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల పట్టికలో గేమింగ్ డిజార్డర్‌ను చేర్చింది. దాని ప్రకారం చూడవలసినవి మూడు: ఆటపై అదుపు తప్పడం, మిగిలిన పనులన్నిటికంటే ఆటే ముఖ్యం కావడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం. వీటి వలన చదువు, పని, కుటుంబ సంబంధాలు బాగా దెబ్బతిని, సాధారణంగా 12 నెలల పాటు కొనసాగితే దానిని జబ్బుగా నిర్ధారిస్తారు. అంతవరకు వేచి ఉండవద్దు. నిద్ర తగ్గినా, మార్కులు పడిపోయినా, ఇంట్లో డబ్బు కనిపించకపోయినా వెంటనే మాట్లాడండి.

తల్లిదండ్రులు చేయవలసినవి

• యూపీఐ పిన్ పిల్లలకు చెప్పవద్దు. ప్లే స్టోరులో ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. నెలకొకసారి బ్యాంకు ఖాతా చూసుకోండి.

• మ్యాచ్ మధ్యలో ఫోన్ లాక్కోవద్దు. జట్టు ఓడితే స్నేహితుల వద్ద మాట పడేది అతడే. "రెండు మ్యాచ్‌లు, తరువాత అన్నం" అని ముందే ఒప్పందం చేసుకోండి. ఆ మాట మీరూ నిలుపుకోండి.

• రాత్రి పూట పెద్దల ఫోన్లతో సహా అన్నీ పడక గది బయటే ఉంచండి.

• కొట్టవద్దు, పదిమందిలో అవమానించవద్దు. భయపడిన పిల్లవాడు ఆట మానడు, దాచిపెట్టి ఆడతాడు.

• పరిస్థితి చేయి దాటుతున్నట్లు అనిపిస్తే ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది.

ఆ యువకుడు ఆటలు మానలేదు. తల వంచుకుని గంటల తరబడి ఫోన్ చూడవద్దని, మధ్య మధ్య లేచి నడవమని మేము చెప్పిన సలహా పాటిస్తున్నాడు. కొత్త ఆట ఏది కనిపించినా ముందుగా "ఇది అయిపోతుందా?" అని చూసుకుంటానని చెప్పాడు. ఈ సాయంత్రం మీ పిల్లల పక్కన కూర్చుని, వారు ఆడే ఆట గురించి అదే ప్రశ్న అడగండి. జవాబు వారినే చెప్పనివ్వండి.