బంగారు నలుసులతో కేన్సర్ వైద్యం: దాతలు తెలుసుకోవలసిన సంగతి

గత ఏడాది మన సంఘానికి వచ్చిన సహాయ దరఖాస్తుల్లో ఒకటి మమ్మల్ని చాలా రోజులు ఆలోచనలో పడేసింది. రొమ్ము కేన్సర్ వచ్చిన తన అమ్మీ కోసం ఒక అబ్బాయి రాసుకున్నాడు. ‘బంగారు నానో మందు’ వాడితే ఆపరేషన్, కీమో అక్కర్లేదని ఎవరో చెప్పారట. ఆ మందు కొనడానికి జకాత్ నిధి నుంచి సాయం చేయమన్నాడు. జకాత్ మీరు మా చేతికిచ్చిన అమానత్. అందుకే ఔననో కాదనో చెప్పే ముందు చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నాం. ఆ సంగతులే ఇవి.

మీటరులో వంద కోట్లవ వంతు నానోమీటరు. తల వెంట్రుక మందమే సుమారు 80,000 నానోమీటర్లు. లోహాన్ని పదుల నానోమీటర్ల నలుసులుగా చేస్తే దాని గుణం మారిపోతుంది. నగల్లో పచ్చగా మెరిసే బంగారం నానో నలుసులుగా నీటిలో ఉంటే కెంపు రంగులో కనిపిస్తుంది. మైకేల్ ఫారడే 1857లోనే లండన్‌లో దీన్ని పరిశీలించాడు. కాంతి తగిలినప్పుడు నలుసులోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి, ఆ కాంతిని పీల్చుకుని వేడిగా మారుస్తాయి. నలుసు ఆకారాన్ని, పరిమాణాన్ని మార్చి, కండలోకి కొంత లోతు వెళ్లగల పరారుణ కాంతిని పీల్చేలా చేయవచ్చు. అప్పుడు నలుసులు చేరిన గడ్డ మీదికి లేజర్ పంపితే గడ్డ వేడెక్కి దాని కణాలు చనిపోతాయి.

ఈజిప్టులో పుట్టి అమెరికాలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ముస్తఫా అల్ సయ్యద్ ఈ దారిలో ముందు నడిచారు. సర్జన్ అయిన తన కుమారుడితో కలిసి ఆయన బంగారు నలుసులకు యాంటీబాడీలను తగిలించారు. అవి కేన్సర్ కణాలకు అంటుకుని మైక్రోస్కోపులో వాటిని మెరిసేలా చూపించాయి, లేజర్‌తో చంపాయి కూడా. ఆయన భార్య కన్నుమూసింది రొమ్ము కేన్సర్‌తోనే.

మనుషుల మీద పరీక్షలూ జరిగాయి. రైస్ యూనివర్సిటీలో నవోమి హలాస్, జెనిఫర్ వెస్ట్ రూపొందించిన, సిలికా మీద బంగారు పూత ఉన్న నలుసులను ప్రోస్టేట్ కేన్సర్ ఉన్న 16 మందికి ఇచ్చారు. 15 మందికి చికిత్స పూర్తి చేయగలిగినట్టు 2019లో ప్రకటించారు. కేన్సర్‌ను కనిపెట్టడంలో ఐరన్ ఆక్సైడ్ నలుసులు పనికొస్తాయి. ఆరోగ్యమైన లింఫ్ గ్రంథి వాటిని పీల్చుకుని ఎమ్మారైలో నల్లగా కనిపిస్తుంది, కేన్సర్ పాకిన భాగం తెల్లగానే ఉండిపోతుంది.

మరి చిక్కు ఎక్కడ? రక్తంలోకి ఎక్కించిన నలుసుల్లో ఎక్కువ భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. పదేళ్ల జంతు ప్రయోగాలను 2016లో లెక్క తీస్తే, గడ్డకు చేరేది మధ్యస్థంగా 0.7 శాతమే అని తేలింది. అంటే వెయ్యిలో ఏడు. పైగా లేజర్ కాంతి వెళ్లినంత మేరకే పనిచేస్తుంది. ఒళ్లంతా పాకిన కేన్సర్‌ను అది వెతికి పట్టుకోలేదు. కాబట్టి ఈ బంగారు వైద్యం నిజమైన శాస్త్రమే అయినా ఇంకా పరీక్షల దశలోనే ఉంది. మన దేశంలో కొత్త మందును రోగుల మీద పరీక్షించాలంటే నైతిక కమిటీ అనుమతి, సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో నమోదు తప్పనిసరి. ఆ రిజిస్ట్రీని ఎవరైనా చూడవచ్చు. ఆ అబ్బాయికి మందు అమ్మజూపినవారు ఈ రెండింటిలో ఏదీ చూపలేకపోయారు.

అందుకని ఆ మందుకు డబ్బు ఇవ్వలేదు. కాదన్నామని ఆ అబ్బాయి మొదట బాధపడ్డాడు. మేము వెంట వెళ్లి ఆ తల్లిని ప్రభుత్వ కేన్సర్ ఆసుపత్రిలో చూపించాం. పథకం కిందకు రాని పరీక్షలకు, ప్రయాణానికి, తోడున్నవారి బసకు సంఘం ఖర్చు పెట్టింది. ఆపరేషన్ అయింది, కీమో నడుస్తోంది. అప్పటికే మూడు నెలలు వృథా అయ్యాయన్నదే మా బాధ.

వ్యాధికి మందు వెతకమన్నది ప్రవక్త (స) బోధ. ఆ వెతుకులాట ప్రయోగశాలల్లో సాగుతోంది. అది మన ఆసుపత్రులకు చేరేదాకా మన వంతు పని వేరే ఉంది. గడ్డ తగిలిన రోజునే, సిగ్గుపడకుండా, మన ఆడవాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఈ ఏడాది మీరిచ్చే సొమ్ములో కొంత ఈ తొలి పరీక్షలకు కేటాయించాలని కోరుతున్నాం. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక, రోగులకు స్వస్థత ప్రసాదించుగాక. ఆమీన్.