ఐదేళ్లలో రోమ్‌ను అతికించాడు, ఒక్క దొంగ లిస్టుకు బలయ్యాడు

రాత్రిపూట సర్వర్లు పడిపోతే మా టీమ్‌లో మొదటి ప్రశ్న ఒకటే: ముందు ఏది కాపాడాలి? అందుకేనేమో, రోమన్ చక్రవర్తుల్లో నాకు ఆరేలియన్ అంటే ఇష్టం.

క్రీ.శ. 270లో అతను పగ్గాలు పట్టేసరికి సామ్రాజ్యం ముక్కలైపోతోంది. పడమట గాల్ విడిపోయి అప్పటికే పదేళ్లు. తూర్పున పల్మైరా రాణి జెనోబియా ఈజిప్టు దాకా విస్తరిస్తోంది. ఉత్తరాది జర్మన్ తెగలు ఏకంగా ఇటలీలోకే చొరబడుతున్నాయి.

ఆరేలియన్ అన్నిటి మీదకీ ఒకేసారి వెళ్లలేదు. ముందు ఇటలీని నిలబెట్టాడు. 271లో రోమ్ చుట్టూ సుమారు 19 కిలోమీటర్ల గోడ మొదలుపెట్టాడు. 272లో జెనోబియాను ఓడించాడు. 274లో గాల్‌ను మళ్లీ కలిపేశాడు. కానీ డాన్యూబ్ నది అవతలి డేషియాను, అంటే నేటి రొమేనియా ప్రాంతాన్ని, వదిలేశాడు. బంగారు గనులకు పేరుపడ్డ నేల అది! అయినా అక్కడి సైన్యం ఇవతలి ఒడ్డున అవసరమైంది.

‘లోకాన్ని పునరుద్ధరించినవాడు’ అని నాణేలపై బిరుదు వేయించుకున్న ఈ వీరుణ్ని 275లో చంపింది శత్రువులు కాదు, సొంత అధికారులే. శిక్షకు భయపడిన ఓ కార్యదర్శి, ‘చక్రవర్తి చంపబోయేది వీళ్లనే’ అంటూ దొంగ జాబితా చూపించాడని పాత చరిత్రకారులు రాశారు. నిజమా అని ఎవరూ ఆరా తీయలేదట.

తర్వాత పదేళ్లూ చక్రవర్తులు మారుతూనే ఉన్నారు. అతను అతికించిన ముక్కలు మాత్రం ఊడిపోలేదు. నాకైతే వాట్సాప్‌లో ఏదైనా లిస్టు ఫార్వర్డ్ అయి వస్తే, ఆ జాబితానే గుర్తొస్తుంది.