ఒకే మందు - రెండు బాధలు

రక్తపోటునకును, వృద్ధులకు గలుగు మూత్రబాధకును ఒకే మందు పనిచేయుట యెట్లని సందేహము కలుగవచ్చును. రక్తనాళముల గోడలయందును, మూత్రాశయము క్రింద మూత్రనాళమును చుట్టియున్న ప్రోస్టేటు గ్రంథియందును మన యిచ్ఛకు లోబడని కండరములు కలవు. వాని కణములపై ఆల్ఫా గ్రాహకములను తాళములున్నవి. నార్‌అడ్రినలిన్ అను రసము తాళపుచెవివలె వానిని చేరగనే కండరములు బిగియును. ఈ గ్రాహకములను ఆల్ఫా, బీటా యని 1948లో ఆల్‌క్విస్టు పండితుడు విభజించెను.

ఆల్ఫా నిరోధకములు ఆ తాళములను ముందుగా నాక్రమించి తాళపుచెవికి చోటీయవు. అందుచే కండరములు సడలి, రక్తనాళములు విశాలమై పోటు తగ్గును, మూత్రమార్గము తెఱచుకొనును. గ్రంథి మాత్రము చిన్నది కాదు. టామ్సులోసిన్ ముఖ్యముగా గ్రంథికండరములపైనను, డాక్సజోసిన్ రెంటిపైనను పనిచేయును. అయినను రక్తపోటునకు నేడు వీనిని మొదటి మందుగా సాధారణముగా నీయరు.

తొలిమోతాదు పిదప తటాలున లేచినచో కొందఱు తల తిరిగి పడిపోవుదురు. కావున బాలబాలికలారా! మీ తాతగారు రాత్రివేళ లేచునప్పుడు కొంచెముసేపు మంచముపై కూర్చుండి లేవవలసినదని వినయముతో చెప్పుడు, దీపము వెలిగించుడు. కంటిశుక్లమునకు శస్త్రచికిత్స చేయించుకొనువారు ఈ మందు సంగతి వైద్యునకు ముందే తెలుపవలెను. మూత్రబాధ సిగ్గుపడదగినది కాదు. దానిని దాచుటయే హాని.